గడ్డి ఆగేదాకా

షామ్‌బర్గ్,
నవంబర్ 4, 2012, ఆదివారం.

చిరంజీవి శ్రీహర్షకి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం, ఇల్లు క్షేమం, గడ్డి మరీ క్షేమం. రెడ్‌మండ్‌లో నువ్వు, కావ్యశ్రీ, రోహన్ బాగున్నారని తలుస్తాను. రోహన్‌కి జలుబు తగ్గిందా? మిరియాల చారు పెట్టమన్నానని కావ్యశ్రీకి చెప్పు. వాడు తాగడని నాకు తెలుసు. అయినా చెప్పు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్‌లో నా మాట సగంలో ఉండగానే, అమ్మా ఒక్క నిమిషం, ఇంకో కాల్ వస్తోంది అంటావు. ఆ నిమిషం మర్నాటిదాకా సాగుతుంది. ఉత్తరం చదువుతుంటే ఇంకో కాల్ వచ్చినా, ఉత్తరం అక్కడే ఉంటుంది. అందుకని రాస్తున్నాను.

ముందు అసలు వార్త. మన ఇంటి ముందు గడ్డిలో అమ్మకానికని పాతిన ‘కమింగ్ సూన్’ బోర్డు పీకింది నేనే. గాలికి పడిపోయి ఉంటుందని రాగిణి నీకు ఫోన్ చేసి చెప్పిందట. ఇల్లు అమ్మిపెట్టమని నువ్వు ఆ అమ్మాయికి అప్పజెప్పావు, తను నన్ను నీ దగ్గర ఇరికించలేక నెపం గాలి మీద పెట్టింది. మంచి పిల్ల. కానీ శుక్రవారం గాలి లేదు. నేను గడ్డి కోస్తుంటే ఆ బోర్డు అడ్డమొచ్చింది. చుట్టూ తిప్పి కోస్తే దాని మొదట్లో పిలకలాగా మిగిలిపోతుంది. పీకి గరాజ్‌లో గోడకి ఆనించాను. మళ్లీ పాతితే మళ్లీ పీకుతాను.

నేను మోవర్ ఇంజన్ ఆపేసరికి రాగిణి కారు దిగి నిలబడి ఉంది, ఇంటి ఫొటోలు తీసుకుందామని వచ్చిందట. అదేంటి ఆంటీ, హాలోవీన్ కూడా అయిపోయింది, ఇంకా లాన్ మోయింగా, అందరూ ఎప్పుడో ఆపేశారు కదా అంది. అందరూ ఆపేశారు గానీ గడ్డి ఆపలేదమ్మా అన్నాను. నవ్వింది. నా సంతకం లేకుండా బోర్డు ఎలా పాతావని అడిగాను. మీరు ఓకే అన్నారని హర్ష అన్న చెప్పాడు ఆంటీ, పేపర్స్ థాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు సైన్ చేయిస్తానన్నాడు అంది.

నేను ఓకే అనలేదు, హర్షా. ఫోన్‌లో నువ్వు చెబుతున్నంతసేపూ ఊఁ, ఊఁ అన్నాను. మన ఇళ్లలో ఊఁ అంటే వింటున్నానని. నువ్వు అమెరికాలో పుట్టలేదు, ఆ మాత్రం నీకు తెలుసు. నీకు కావలసినట్టు అర్థం చేసుకున్నావు.

ఇంటి కాగితాల్లో ఎవరి పేరుందని రాగిణిని అడిగాను. అంకుల్ పోయాక మీ ఒక్కరిదే ఆంటీ అంది. అయితే ఆ ఒక్కరూ అమ్మరని రాసుకో అన్నాను. కాఫీ ఇచ్చాను. జంతికలు పెట్టాను. రెండో ప్లేటు కూడా తింది. వెళ్తూ వెళ్తూ, ఆంటీ, హర్ష అన్నకి నేనేం చెప్పను అని దిగాలుగా అడిగింది. నేనే చెబుతానన్నాను. ఇదిగో చెబుతున్నాను.

నీ లెక్క ఏమిటంటే, గడ్డి కోసే కాలం అయిపోయింది, స్నో పడితే ఇల్లు చూడడానికి ఎవరూ రారు, కాబట్టి ఈలోపే బేరానికి పెట్టాలి. నువ్వున్నచోట ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇక్కడ గడ్డి కాలెండర్ చూసి ఆగదు. మన గడ్డి చలి గడ్డి. జులైలో ఎండకి పడుకుంటుంది, సెప్టెంబర్‌లో లేస్తుంది. పైన చలిగాలి కొడుతున్నా నేల లోపల ఇంకా వెచ్చగా ఉంటే పెరుగుతూనే ఉంటుంది. వారం రోజులు చూసినా ఎత్తు మారలేదంటే అప్పుడు ఆపాలి. శుక్రవారం పొద్దున తెల్లగా మంచు పొర పట్టి ఉంది. దాని మీద నడిస్తే అడుగు పడ్డచోటల్లా గడ్డి చచ్చిపోతుంది కాబట్టి పొర కరిగేదాకా కూర్చున్నాను. అప్పుడు దిగి కోశాను. మేపుల్ ఆకులు కూడా మోవర్ కిందే పొడి అయిపోయాయి. ఇంకొక కోత ఉంటుంది, మహా అయితే రెండు.

ఒకేసారి పొట్టిగా కోసేసి చేతులు దులుపుకోవచ్చు కదా అంటావేమో. ఆ పని మీ నాన్న చేశారు. 2003లో, నువ్వు అర్బానాలో చదువుకుంటున్న రోజుల్లో. అక్టోబర్ ఆఖరున మోవర్‌ని అన్నిటికన్నా కిందికి దించి, ఇక మార్చిదాకా దీని మొహం చూడక్కర్లేదు అని మొత్తం గొరిగేశారు. ఏప్రిల్‌లో స్నో కరిగేసరికి కాలిబాట పొడుగునా బోడి నేల. ఎదురింటి ఆంజనేయప్రసాద్ గారు రోడ్డు దాటి మరీ వచ్చి, ఏం సత్యం గారూ, మీ లాన్‌కి కూడా తిరుపతి మొక్కుందా అని అడిగారు. నాన్న రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు.

ఆ బోడి నేలలో వేయడానికి గడ్డి గింజలు తెచ్చారు. మా పుట్టింట్లో వరి విత్తనాన్ని నానబెట్టి గోనెలో కట్టి మొలకెత్తాక నారుమడిలో చల్లేవాళ్లు. నేనూ అలాగే గడ్డి గింజల్ని నానబెట్టి దిండు గలీబులో కట్టాను. గరాజ్ అంతా పులిసిన వాసన. మొలకలు వచ్చాయి, చల్లాం, నాన్న నన్ను మెచ్చుకున్నారు. మర్నాటికి పిచ్చుకలు సగం తినేశాయి. నారుమడి దగ్గర కాపలా ఉంటారని నేను మర్చిపోయాను. రెండోసారి చల్లి, పైన నా పాత వెంకటగిరి చీర పరిచాం. పక్కింటావిడ వచ్చి, ఇవాళ మీకేదైనా పండుగా అని అడిగింది. అవును అన్నారు నాన్న. ఏ పండుగో చెప్పమని ఆవిడ అడగలేదు గనక సరిపోయింది.

ఇక్కడ ఆపి భోంచేసి వచ్చాను. బీరకాయ పప్పు.

నీ రెండో మాట, నేను జన్మలో మోవర్ ముట్టుకోలేదని. ముట్టుకున్నానో లేదో వచ్చి గడ్డిని చూసి చెప్పు. దసరా బొమ్మల కొలువుకి పిలిస్తే ఆంజనేయప్రసాద్ గారింటికి వెళ్లాను. ఉష నా చెయ్యి పట్టుకుని, వదినా, మీకిదేం ఖర్మ, అన్నయ్యగారు పోయాక మగవాళ్ల పనులన్నీ మీ నెత్తిన పడ్డాయి, మా లాన్ కుర్రాళ్లని పంపిస్తాను అంది. వద్దన్నాను. అక్కడ కూర్చున్న ఆడవాళ్లందరూ నన్ను చూసి తల అడ్డంగా ఊపారు. నేను శనగల గుగ్గిళ్లు తిన్నాను. ఉషకి ఉప్పు తెలియదు.

ఆంజనేయప్రసాద్ గారు మాత్రం గుమ్మం దాకా వచ్చి, చెల్లెమ్మా, ఒక్క ఏడాదిలో ఇంత బాగా ఎలా నేర్చుకున్నావమ్మా, మోవర్‌తో గడ్డి మీద మా సత్యం గీసిన చారలకన్నా నీవే తిన్నగా ఉన్నాయి అన్నారు. ఆయన మెచ్చుకోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. థాంక్స్ అన్నయ్యగారూ అని వచ్చేశాను.

చలికాలం ఒక్కదానివే ఎలా ఉంటావంటావు. స్నో తీయడానికి మనిషిని మాట్లాడుకున్నాను. నేను మొండిదాన్నే గానీ పిచ్చిదాన్ని కాను. ఇల్లు వెచ్చగా ఉండాలని ఫర్నేస్ బాగు చేయించాను. లైబ్రరీలో వారానికి రెండు రోజులు పుస్తకాలు సర్దడానికి వెళ్తున్నాను. నాకు కారుంది, లైసెన్సుంది. రెడ్‌మండ్ వస్తే నాకు ఒక గది ఇస్తావు, ఆ గదిలోకి రోహన్ ఆడుకోవడానికి వస్తాడు, కావ్యశ్రీ నన్ను ఏ పనీ ముట్టుకోనివ్వదు. ఆ పిల్లది మంచి మనసే. నాకే ఏ పనీ ముట్టుకోకుండా ఉండడం రాదు.

ఇక మూడో మాట. ఇది నువ్వు తెలుగులో ఎప్పుడూ చెప్పవు. పెద్దకర్మ రోజున అన్నావు, విమానాశ్రయంలో అన్నావు, పోయిన వారం మళ్లీ అన్నావు. ఆ లాన్ నాన్నని చంపేసింది, నేను గడ్డి కోసే సర్వీస్ పెట్టి ఉంటే ఆయన బతికేవారు, అని. ఆ తరువాత ఫోన్ పెట్టేశావు. కావ్యశ్రీ తరువాత నాకు ఫోన్ చేసింది. రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నావటగా. ఆఫీసుకి వెళ్లే దారిలో ఎవరైనా గడ్డి కోస్తూ కనిపిస్తే వేరే వీధిలోంచి తిప్పుకుని వెళ్తున్నావటగా.

నువ్వు ఈ ఇల్లు అమ్మమంటున్నది డబ్బుకి కాదు, నా మోకాళ్ల నొప్పులకి కాదు. ఆ గడ్డి ఈ భూమ్మీద నీకు కనిపించకూడదు. అంతే. నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన సంతకం చేయను. నీ బాధకి నా ఇల్లు మందు కాదు. ఇల్లు అమ్మేసినా రెడ్‌మండ్‌లో వీధికో లాన్ ఉంటుంది. అన్నిటినీ కొని తారు పోయిస్తావా?

థాంక్స్‌గివింగ్‌కి రండి. ముగ్గురూ రండి. గుత్తి వంకాయ చేస్తాను, రోహన్‌కి పాస్తా చేస్తాను. కాగితాలు మాత్రం తేవద్దు. తెచ్చినా బల్ల మీద పెట్టవద్దు. నేను ఈ చలికాలం ఇక్కడ ఉంటాను, వచ్చే చలికాలం సంగతి వచ్చే చలికాలం నేనే చెబుతాను. నువ్వు కాదు, రాగిణి కాదు, బొమ్మల కొలువులో తలలూపిన వాళ్లు కాదు.

కావ్యశ్రీకి, రోహన్‌కి నా ఆశీస్సులు.

ఇట్లు,
సంతకం ఈ ఉత్తరం మీద తప్ప ఇంకెక్కడా చేయని
మీ అమ్మ,
గిరిజ

తా.క. ఉత్తరం మడిచి కవర్లో పెట్టి మళ్లీ తీశాను. ఒక విషయం నీకు తప్పుగా తెలిసింది. దాన్ని సరిచేయకుండా పంపడం న్యాయం కాదు.

నాన్న గడ్డి కోస్తూ పోలేదు. ఆ రోజు మోవర్ నా చేతిలో ఉంది.

2007లో నాన్నకి గుండెలో స్టెంట్ వేసినప్పుడు నీకు చిన్న ప్రొసీజర్ అని చెప్పాం. బరువైనవేవీ నెట్టకూడదని డాక్టర్ చెప్పిన సంగతి చెప్పలేదు. నీకు రెడ్‌మండ్‌లో ఉద్యోగం కొత్త, వదిలేసి వచ్చేస్తావని నాన్న చెప్పనివ్వలేదు. మనిషిని పెట్టుకుందామంటే, ఆంజనేయప్రసాద్‌కి తెలిసిపోతుందని ఒప్పుకోలేదు. అప్పటినుంచి నేనే కోశాను. వారం మధ్యలో, వీధిలో అందరూ ఆఫీసులకి వెళ్లాక. శనివారం నాన్న టోపీ పెట్టుకుని పైపుతో నీళ్లు పట్టేవారు. దారిన పోయేవాళ్లు లాన్ భలే ఉంచారండీ అంటే థాంక్యూ అనేవారు.

ఆ రోజు ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నారు. గిరిజా, చెట్టు పక్కన ఒక చార వదిలేశావ్, కళ్లజోడు పెట్టుకో అని అరిచారు. నేనేం వదల్లేదు, మీరే పెట్టుకోండి అని నేనూ అరిచాను. ఇంజన్ చప్పుడులో ఆయనకి వినబడిందో లేదో తెలియదు. అటు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేసరికి, ఆ చార చూపిద్దామని లేచి గడ్డిలోకి వచ్చారు. చెయ్యి చాపి చూపిస్తూనే పడిపోయారు. మోవర్ అక్కడే వదిలేసి ఫోన్ కోసం ఇంట్లోకి పరిగెత్తాను. అంబులెన్స్ వాళ్లు వచ్చేసరికి అది ఆయన పక్కన ఉంది. మగవాడు, మోవర్, కోసిన గడ్డి. ఆయనే కోస్తున్నారని చూసినవాళ్లందరూ అనేసుకున్నారు. ఎవరు కోస్తున్నారని నన్ను ఒక్కరూ అడగలేదు. నువ్వూ అడగలేదు. ఆయన దాచుకున్నది నేను బయటపెట్టడమెందుకని ఊరుకున్నాను. అది నిన్ను రాత్రిళ్లు కూర్చోబెడుతుంటే ఇక ఊరుకోను.

నువ్వు సర్వీస్ పెట్టినా ఆయన ఆ కుర్చీలోంచి లేచేవారు. వాళ్లకీ చార చూపించేవారు. డాక్టర్ కూడా నాతో అదే అన్నారు, కూర్చున్నా, నడిచినా, పడుకున్నా వచ్చేదేనని.

ఆయన అన్నట్టుగానే ఆ చార మిగిలే ఉంది. వచ్చినవాళ్లందరూ దాని పక్కనించే నడిచారు. కర్మలన్నీ అయిపోయి, మీరు విమానం ఎక్కాక, వెళ్లి అది కోశాను.