ఎడమ చరియ అబద్ధం

అక్కా,

నేను క్షేమమే, కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. కొండ దిగినవాళ్లు తర్వాత ఎక్కేవాళ్ల కోసం దారి వివరాలు రాసే పుస్తకం ఒకటి మా బసలో ఉంది. నేను మూటలు మోసిన గడ్డపాయన నిన్న అందులో ఏం రాశాడో తెలుసా? "ఎడమ చరియ గట్టిది, ధైర్యంగా ఎక్కండి" అని! రాళ్లు జారి మేం చావు తప్పి వెనక్కొచ్చింది అక్కడినుంచే. తనకందని శిఖరం ఇంకొకరికి అందకూడదని వాడి ఏడుపేమో. "మూటలోడు చూస్తే ఏంలే, వాడికి అక్షరం ముక్క రాదు" అని నవ్వాడు కూడా. వాడు పోయాక కింద "అబద్ధం" అని రాశాను. ఆ కాగితం చింపకుండా ఉంచుతారని నమ్మకం లేదు.

చంటిదాని దగ్గు తగ్గిందా? వచ్చే నెల బావ మూటలు మొయ్యడానికి వచ్చేది ఈ కొండకేగా! ఆయనతో నా ఉన్ని మేజోళ్లు పంపు. ఈ కార్డు ఆయన జేబులో పెట్టి మరీ పంపు. అమ్మకు దండాలు.

నీ తమ్ముడు