జనవరి ఒకటిన పుట్టినవాళ్లు

అమ్మా,

"ఆస్పత్రి కాయితాలు చూసుకునేదానికి గూడా చదువుండాదా పాపా?" అని నవ్వేదానివి. ఆ చదువుకే నెల్లూరు ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. రోగుల వివరాలన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తాను.

నిన్న మన రేవు వైపు అవ్వ ఒకామె వచ్చింది. పుట్టిన తేదీ అడిగాను.

"పెద్ద గాలొచ్చిన ఏడు. అప్పుడు రొయ్యలు బాగా పడతా ఉండినాయంట తల్లీ."

కంప్యూటర్‌కి అది చాలదు. తేదీ తెలియనివాళ్లందరికీ జనవరి ఒకటి వేస్తాం. మన ఊళ్లో సగంమంది ఆ రోజే పుట్టారు! నువ్వూ ఇక్కడే చూపించుకున్నావు కదా, ఏం చెప్పి ఉంటావోనని నీ పేరు వెతికాను. నీకూ అదే తేదీ.

ఇవాళ జనవరి ఒకటి. నువ్వు పోయాక కూడా రీఛార్జ్ చేయిస్తున్న నీ ఫోన్‌కి పొద్దున్నే ఆస్పత్రి నుంచి మెసేజ్ వచ్చింది. నీకు పుట్టినరోజు శుభాకాంక్షలు రావడం ఇదే మొదటిసారి.