మీది కాని పేపరు చదవకండి

అశోక్‌నగర్,
శనివారం.

'చిక్కడపల్లి నగారా' వారపత్రిక సంపాదకులు శ్రీ జైపాల్ గారికి,

అశోక్‌నగర్ నుంచి బుచ్చిబాబు, రిటైర్డ్ ఆడిట్ సూపరింటెండెంటు, రాస్తున్నది. నేను క్షేమం. మీ పత్రికే క్షేమంగా లేదు.

మొన్న గురువారం మొదటి పేజీలో నారాయణగూడ చౌరస్తా దగ్గర గుంత పూడ్చేశారని వేశారు. అచ్చులో పడింది కదా అని ధీమాగా నడిచాను. గుంత గుంతలాగే ఉంది. నా కుడికాలి చెప్పు ఇప్పటికీ అందులోనే ఉంది. రెండో పేజీలో, శుక్రవారం పొద్దున్న ఆరింటికి మా వీధికి మంజీరా నీళ్ళొస్తాయన్నారు. ఇంటిల్లిపాదీ సంపు మూత తీసుకుని కూర్చున్నాం. అవి గురువారమే వచ్చి వెళ్ళిపోయాయట. మూడో పేజీలో పంచాంగం పోయిన వారానిది. మా ఆవిడ ఆదిలక్ష్మి మీ పుణ్యమా అని చవితినాడు ఏకాదశి ఉపవాసం చేసింది.

ముప్పై ఆరేళ్ళు ఆడిట్లో పనిచేశాను. ఎంతెంత ఘనుల లెక్కలో చూశాను. నాలుగు పేజీల్లో ఇన్ని తప్పులు ఇరికించిన మనిషిని మాత్రం చూడలేదు. నా చందా రద్దు చేయండి. ఇక మీ పేపరు మా గేటు లోపల పడకూడదు.

ఇట్లు,
ఒళ్ళు మండిన
బుచ్చిబాబు

తా.క.: ఫోన్ చేయకండి. ఫోన్లో అన్నమాట అనలేదంటారు. కాగితం దగ్గర ఆ పప్పులుడకవు.

మరో తా.క.: నాలుగో పేజీలో తప్పులు లేవని సంబరపడకండి. అందులో అన్నీ ప్రకటనలే.


చిక్కడపల్లి,
బుధవారం.

పెద్దలు బుచ్చిబాబు గారికి నమస్తే.

మీ ఉత్తరం అందింది. మా ఆఫీసు మెట్ల కింది డబ్బాలో ఈ మధ్య కరెంటు బిల్లు, మీ ఉత్తరం తప్ప ఏమీ పడటం లేదు. గుంతను పోయిన బుధవారం నా కళ్ళ ముందే పూడ్చారు. గురువారం కేబులు కోసం మళ్ళీ తవ్వారు. పేపరు అచ్చయినంక తవ్వితే నేనేం జేయాలె? పోయి గుంతల పండుకోవాల్నా?

కోపమొస్తే నా రాత ఇంటి మాటలకు దిగుతది, ఏమనుకోకండి.

దాపరికం లేకుండ చెప్తున్న. ఈ రోజుల్ల గల్లీ పేపరు పైసలిచ్చి కొనేదెవరు? ఇంటింటికి పోయి అడిగితే, "ఇంకా పేపరు అచ్చేస్తున్నరా అన్నా" అని నన్నే అడుగుతున్నరు. ప్రెస్సువాళ్ళు మూడు వందల కాపీలకు ఒక్కటి తగ్గినా మిషను తిప్పేది లేదన్నరు. నాకున్న చందాదారులు సరిగ్గ మూడు వందలు. మీరు పోతే మా నాయన పెట్టిన పేపరు పోతది. జర ఆలోచించండి. అయినా వద్దంటే రద్దు చేస్త. కాళ్ళు పట్టుకొని పేపరు వేసే రకం కాదు నేను.

ఉంట మరి,
జైపాల్

తా.క.: పేపర్లేసే మా విఠల్ గుంతల దిగి మీ చెప్పు తెచ్చిండు. రెండోది కూడ పంపితే ఫోటో వేస్త. ఒంటి చెప్పు బొమ్మ బాగుండది.


అశోక్‌నగర్,
శనివారం.

జైపాల్ గారికి,

మీకు ఎన్నిసార్లు చెప్పాలి? రద్దు చేయమన్నాక ఒక్క గురువారం ఆపారు. మళ్ళీ మొదలెట్టారు. రెండు వారాలుగా పొద్దున్నే మా తులసికోట పక్కన పడుతోంది. పైగా నేనే మీ మూడువందో మనిషినంటూ నా నెత్తిన బరువు పెడతారా? ఆ లెక్కన నేను పోతే మా ఇంటివాళ్ళకన్నా ముందు మీరు ఏడుస్తారన్నమాట. ఇలా బలవంతంగా అంటగట్టడాన్ని ఏమంటారో నా నోటితో అనిపించకండి.

నేను దాన్ని చదవడం లేదు. నేలమీద పడి ఉంటే కళ్ళు వాటంతటవే వెళ్ళాయి. రెండో పేజీలో చిక్కడపల్లి మార్కెట్లో బెండకాయల ధర వేశారు. ఆ కాగితం పట్టుకుని మార్కెట్‌కి వెళ్ళాను. కూరలమ్మే మాసమ్మ దాన్ని తిరగేసి, బోర్లేసి చూసి, "ఎవరు రాసిండ్రో ఆయననే అమ్ముమను సారూ, నేను గూడ కొంట" అంది. నలుగురూ నవ్వారు. మిమ్మల్ని చూసి కాదు, నన్ను చూసి.

ఆపండి. మర్యాదగా ఆపండి.

బుచ్చిబాబు,
మాజీ చందాదారు

తా.క.: చదవని పేపర్లో పదకొండు తప్పులున్నాయి. జాబితా జతచేశాను.


చిక్కడపల్లి,
బుధవారం.

బుచ్చిబాబు గారికి,

మీ చందా రద్దయి మూడు వారాలైంది. ఆ ఒక్క వారం కాపీ తక్కువైతే ప్రెస్సువాళ్ళను బతిమిలాడి వేయించిన. మీ గేట్ల పడేది మీ పేపరు కాదు. అదే అడ్రసు మీద వేరేవాళ్ళు కొత్తగ చందా కట్టిండ్రు, విఠల్ చేతిల. పేరు ఎవరికీ చెప్పద్దని ఒట్టు వేయించుకున్నరట. నేనడిగినా చెప్తలేడు.

కాబట్టి మనవి చేసేది ఏందంటే, వేరేవాళ్ళ పేపరు మీరు ముట్టద్దు. చదవద్దు. చదివినా తప్పులు పట్టే హక్కు మీకు లేదు. ఆ సౌకర్యం చందాదారులకు మాత్రమే. మీ పదకొండు తప్పుల జాబితా వాపసు పంపుతున్న.

జైపాల్

తా.క.: ఈ ఉత్తరం వాళ్ళ పేపర్లనే పెట్టి పంపుతున్న. ఉత్తరం తీసుకొని పేపరు ఎట్లున్నది అట్లనే మడిచి పెట్టండి.


అశోక్‌నగర్,
శనివారం.

జైపాల్‌కి,

గారు తీసేశాను. మీరే తీయించుకున్నారు.

నా గేట్లో పడ్డ పేపరు నన్ను చదవొద్దంటారా? ఇంట్లో విచారణ పెట్టాను. మేడమీద అద్దెకుంటున్న అవినాష్ అని గ్రూప్స్‌కి చదివే కుర్రాణ్ణి నిలదీశాను. "అంకుల్, పేపరు ముట్టి మూడేళ్ళయింది. మొత్తం ఫోన్లోనే చదువుకుంటున్న" అని ఆ ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టాడు. మా ఆవిణ్ణి అడిగాను. "నాకేం తెలుసండీ" అని పప్పు తాలింపు వేసుకుంటూ ఉండిపోయింది. ఈ ఇంట్లో ఇంకెవరూ లేరు.

అంటే ఏమిటి? ఆ చందాదారు అసలు లేడు. మూడు వందలు నిండకపోతే మిషను తిరగదు గనక మీరే ఒక మనిషిని పుట్టించి నా ఇంట్లో కాపురం పెట్టారు. దీన్ని ఆడిట్లో బోగస్ పద్దు అంటారు. ఇలాంటివి రాసినవాళ్ళ చేత కుర్చీలు ఖాళీ చేయించాను నేను.

నిన్న సాయంత్రం ఇందిరా పార్కులో మా వాకింగు మిత్రులకి ఈ సంగతి చెప్పాను. అందరూ నాలాగే రిటైరైనవాళ్ళు. తొమ్మిదిమందీ అక్కడికక్కడే మీ పేపరు మానేస్తామన్నారు. ప్రహ్లాద్ గారైతే బెంచీ ఎక్కి మాట్లాడారు. వాళ్ళ సంతకాలు ఇందులో ఉన్నాయి. ఇప్పుడు తిప్పుకోండి మిషను.

బుచ్చిబాబు

తా.క.: ఈ వారం పంచాంగం సరిగ్గా ఉంది. ఎక్కడిది ఎత్తి రాశారు?


చిక్కడపల్లి,
బుధవారం.

బుచ్చిబాబు గారికి,

మీరే గెలిచిండ్రు. రెండు వందల తొంభై ఒకటికి దిగినం. ప్రెస్సుల మాట్లాడొచ్చిన. రేపటి గురువారం సంచికనే ఆఖరుది. తర్వాత 'నగారా' ఫోన్లనే వస్తది, చూసేటోళ్ళు చూస్తరు.

తప్పులు లేవని నేనెన్నడు అనలే. వార్తకు నేనే పోత, నేనే రాస్త, నేనే దిద్దుత, ప్రెస్సుకు కట్టలు నేనే మోస్త. ఒక్కని కండ్లు ఎన్నింటిని చూస్తయి? మా నాయన ఉన్నప్పుడు జనం ఆఫీసుకొచ్చి కాలర్ పట్టుకునేటోళ్ళు. కొట్లాడి, చాయ్ తాగి పోయేటోళ్ళు. చందా మాత్రం మానకపోయేటోళ్ళు. బోగస్ మనిషిని పుట్టించిన అన్నరు చూడండి, అది మాత్రం నాకు కడుపుల పెట్టుకునేటట్టు లేదు. ఆకలితో ఉంట గాని అబద్ధం లెక్క రాయ.

నాయన ఫోటోకు దండం పెట్టి ఈ ఉత్తరం రాస్తున్న. మీరు సల్లగుండండి.

జైపాల్

తా.క.: ఫోన్ల తప్పు దొర్లితే అప్పటికప్పుడు దిద్దుకోవచ్చట. మీ ఎర్ర పెన్నుకు మూత పెట్టుకోండి.


అశోక్‌నగర్,
ఆదివారం.

జైపాల్ బాబుకి,

బుచ్చిబాబు గారి భార్య ఆదిలక్ష్మి ఆశీర్వదించి రాద్దామని కూర్చుంది గానీ, కోపం ఆగక తిట్టి రాస్తోంది. మా ఆఖరి తమ్ముడి వయసువాడివి గనక నువ్వు అంటున్నాను.

నీ ఉత్తరం చదివి మావారు గెలిచానని జిలేబీ తెచ్చారు. నేను ముట్టలేదు. పేపరు మూసేస్తావా? ఎవర్నడిగి మూస్తావు? పెట్టింది మీ నాయనే కావచ్చు, చందా కట్టింది నేను. ఆ బోగస్ మనిషిని నేనే. విఠల్ చేత ఒట్టు వేయించుకున్నదీ నేనే.

ఎందుకో విను. ఈయన ఉద్యోగమే తప్పులు పట్టడం. ముప్పై ఆరేళ్ళు ఊరందరి తప్పులూ పట్టి, రిటైరై ఇంట్లో కూర్చుంటే ఇక దొరికే తప్పులు ఎవరివి? నీ పేపరు ఒక్క గురువారం ఆగింది చూడు, ఆ వారం నా వంటింటికి ఆడిట్ జరిగింది. పోపుల పెట్టెలో ఆవాలు జీలకర్రలో కలిశాయన్నారు. బెండకాయ ముక్కలు ఒక్క కొలత లేవన్నారు. మా చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతుంటే పక్కన నిలబడి, చెప్పిందే చెబుతున్నానని లెక్కపెట్టారు. నా కాపురంలో అంతటి వారం ఎరగను. ఆదివారానికి స్నానాలగదిలో పంపు తిప్పుకుని ఏడ్చాను. నీళ్ళు వృథా అని తలుపు కొట్టారు.

అదే నీ పేపరు వస్తే, గురువారం ఎర్ర పెన్నుతో చదువుతారు. శుక్రవారం వెళ్ళి నువ్వు రాసింది నిజమో కాదో కళ్ళారా చూసొస్తారు. శనివారం నీకు ఉత్తరం, ఆదివారం దానికి శుద్ధప్రతి. సోమవారం నీ డబ్బాలో వేసొస్తారు. ఇక రెండు రోజులు నీ జవాబు కోసం గేటు దగ్గరే. ఆ వారమంతా నా కూర నా ఇష్టం. నేను కొనేది పేపరు కాదు బాబూ, అది. దాన్ని మూసే హక్కు నీకెవరిచ్చారు?

పెద్ద పేపరు వేయించుకోమని చెప్పకు. అందులో ఢిల్లీ తప్పులుంటాయి, ఈయన వెళ్ళి చూసి రాలేరు. ఫోన్లో వేస్తానని కూడా అనకు. నువ్వే అన్నావు, ఫోన్లో తప్పు అప్పటికప్పుడు దిద్దేస్తారని. కాగితం మీద పడ్డ తప్పయితే వారమంతా నిలబడుతుంది.

నీకు రోషం ఉంది, మంచిదే. నాకూ ఉంది. శుక్రవారం, శనివారం మావారు అటు వెళ్ళగానే నేను ఇటు తిరిగాను. ఆ వాకింగు తొమ్మిదిమంది ఇళ్ళకీ వెళ్ళాను. ఏ ఒక్క ఇంట్లోనూ మాట పూర్తిచేసే పని పడలేదు. ప్రహ్లాద్ గారి భార్య విజయశ్రీ గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని, "మా ఆయన మొన్నటి సంది ఇడ్లీలు తూకం ఏస్తున్నడక్కా. పేపరు రేపే వస్తదా" అంది. తొమ్మిదిమందీ తమ తమ పేర్న కట్టారు, మగవాళ్ళకి తెలియకుండా. డబ్బు విఠల్‌కి అందింది. సంగతి ఎలా తెలిసిందో గాని, గాంధీనగర్ నుంచి మరో ఇద్దరు వచ్చారు. వాళ్ళాయనలు వచ్చే నెల రిటైరవుతున్నారట, ముందుగానే కట్టేశారు.

మూడు వందల రెండు. గురువారం పేపరు పడాలి.

ఇట్లు,
నీ చందాదారు
ఆదిలక్ష్మి

తా.క.: వార్తలు కాస్త దూరానివి వెయ్యి. నారాయణగూడ అయితే గంటలో చూసి వచ్చేస్తున్నారు. విద్యానగర్, కోఠి దాకా వెళ్ళి చూడాల్సిన తప్పులేమైనా ఉంటే చూడు నాయనా.