జిల్లా పేజీ

మంగళవారం, జనగామ

పరీక్షలో పేరాలు చదివేసరికే టైం అయిపోతోంది. అందుకే నెల రోజులుగా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకొని పేపర్ చదువుతున్నాను. పొద్దున దుకాణం తెరవగానే మౌలా చాచా బట్టలు కుడుతుంటాడు, నేను గుండీల పని మొదలుపెట్టే ముందు జిల్లా పేజీ పైకి చదువుతాను. ఆయనకు వార్తలు, నాకు ప్రాక్టీసు.

ఇవాళ ఎక్కడా తడబడలేదు. చివరి లైన్ కాగానే స్టాప్‌వాచ్ నొక్కాను. అప్పుడు చూశాను, కుట్టుమిషన్ ఆగిపోయి ఉంది.

"ఏందే చాచా?"

"తరిగొప్పుల కాడ ట్రాక్టర్ బోల్తా పడి సరిత అనే పిల్ల సచ్చిపోయిందని చదివినవ్ కద బిడ్డా. మొన్న నీతోని అచ్చి జాకెట్ కుట్టనిచ్చిన పిల్లనేనా?"

నేను చదివానా? వేలు పెట్టి వెతికాను. ఊరు, ఇంటిపేరు, వయసు, అన్నీ మా సరితవే. హాస్టల్లో ఆరేళ్లు ఒకే కంచంలో తిన్నాం. ఆ పేరు నా నోటితోనే చదివి, తర్వాతి వార్తకు వెళ్లిపోయాను.

"జర నీళ్లు తాగు" అన్నాడు చాచా. మళ్లీ మిషన్ తొక్కలేదు.

పొద్దున నొక్కిన టైం ఫోన్‌లో ఇంకా అలాగే ఉంది. నిన్నటి కంటే ఇరవై సెకన్లు తక్కువ.