గోరువెచ్చని గుజ్జు

తమ్ముడూ,

నువ్విచ్చిన లవ్‌బర్డ్స్ గుడ్లు పొదిగాయి, పిల్లలొచ్చాయి. "వాటి పాట్లు అవే పడతాయక్కా" అన్నావు. ఏదీ? తల్లి వాటి మొహమే చూడడం లేదు. చెంచాతో గుజ్జు పెడదామంటే ఒక్కటీ నోరు తెరవదు. నోరు కాలుతుందేమోనని నేను పూర్తిగా చల్లార్చి పెట్టడమే తప్పట.

ఆ మాట చెప్పిందెవరో తెలుసా? "ఇంట్లో ఈ పిట్టల గోలేంటమ్మా" అని రోజూ సణిగే మా మామగారు! నాతో చెప్పకుండా పిట్టల కొట్టుకు వెళ్ళి కనుక్కొచ్చారు. ఆయన వెచ్చచేసి పెడితే పిల్లలన్నీ ఎగబడి తిన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇవాళ నేను కలిపిన గుజ్జులో వేలు ముంచి, "బాగా కుదిరిందమ్మా" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నా చేతివంటను ఆయన మెచ్చుకోవడం ఇదే మొదలు.

నవ్వకు. ఇటు రా, నీ పని చెప్తా.

అక్క