మూడో ఓడలో గది

28 మే 2006

అడగనిది చెప్పకపోవడం అబద్ధమాడటమేనా?

తిరుపతిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మొదలైన ప్రశ్న. రూమ్మేట్ పెళ్లి చేసుకోబోయే వాడికి అంతకుముందే ఒక పెళ్లయిందని నాకు తెలుసు. ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. ఇరవై ఏళ్లు దాటింది. కాలేజీలో బాటనీ పాఠం చెప్తుండగా, బస్సులో, అన్నం కలుపుతున్నప్పుడు, ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది. జవాబు మాత్రం రాదు.

ఇవాళ మురళి వచ్చాడు. మా షాపుకు సరుకిచ్చే విత్తనాల కంపెనీ ఏరియా మేనేజర్. ఈ ఖరీఫ్‌లో టార్గెట్ కొడితే డీలర్ దంపతులకు సింగపూర్ నుంచి మళ్లీ ఓడ ప్రయాణమట, సూట్ గదిలో. మాకిది మూడోసారి అవుతుంది. 2002లో పురుగుమందుల కంపెనీ పంపింది, 2004లో ఈ కంపెనీయే. ప్రతిసారీ ఓడ వేరు, ఓడ కంపెనీ వేరు. జిల్లాలో రెండు ఓడల సూట్‌లూ చూసిన ఇల్లాలిని నేనే కాబట్టి, వాళ్ల డీలర్ల పత్రికకు ఒక వ్యాసం రాయాలట. మూడు ఓడలు, మూడు గదులు, ఏది ఎలా ఉంది అని. మూడోది ఇంకా చూడలేదు కదా అన్నాను. చూస్తారు మేడమ్, ముందు రెండూ రాసిపెట్టుకోండి అన్నాడు.

30 మే

వ్యాసానికి నోట్స్.

మొదటి ఓడ. సూట్ అని పేరే గానీ గుండ్రటి కిటికీ, అదీ తెరుచుకోదు. సముద్రం ప్లేటంత కనిపించేది. బాత్రూమ్‌లో తొట్టి, దానికి ప్లాస్టిక్ తెర. మంచం మెత్తన. గది తుడిచే ఫిలిప్పీన్స్ అబ్బాయి రోజూ టవల్‌ని ఏనుగులా మడిచిపెట్టేవాడు. విప్పి తుడుచుకోవడానికి నాకు మనసొప్పక చీర కొంగుతో తుడుచుకున్నాను.

కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు డీలర్లు కలిపి పదకొండు జంటలం. గోంగూర, కందిపొడి, పులిహోర గొజ్జు లేని పెట్టె లేదు. కృష్ణవేణమ్మ తెచ్చిన కరెంటు పొయ్యి ఓడ ఎక్కేచోటే లాగేసుకున్నారు. ఆ కోపంతో ఆమె పెట్టెలోంచి చీర తీసి పరిచి గది కొలిచింది. "రెండు చీరలు కూడా రాలేదు సుచరితా. మా నంద్యాల గోడౌన్‌లో ఎలుకలు ఇంతకంటే ఇశాలంగా ఉంటాయి" అంది. మూడు రోజులూ అదే చెప్పుకుని నవ్వుకున్నాం.

2 జూన్

రెండో ఓడ. దీనికి బాల్కనీ ఉంది. రెండు గదులు, మధ్యలో అద్దాల తలుపు, బల్ల మీద పేరు తెలియని పళ్లు. గదికొక బట్లర్. తెల్ల గ్లౌజులు వేసుకుని పెట్టె తానే విప్పి బట్టలు సర్దుతానన్నాడు. పాత లంగాలూ పొడి సీసాలూ చూస్తాడని పెట్టె మీద కూర్చున్నాను. మా ఆయన అతన్ని కూర్చోమని బలవంతం చేశారు. కూర్చోలేదు. ఊరి పేరేమిటి, పిల్లలెందరు అని అడిగితే నవ్వాడు, చెప్పలేదు.

సర్వీస్ అంటే రెండోదే. కానీ మొదటి ఓడలోనే ఎక్కువ నవ్వాను. ఇది వ్యాసంలో రాయొచ్చా?

సముద్రం చూస్తూ కాఫీ తాగుతుంటే ఆ గదికి ఎన్ని సంచుల విత్తనం అమ్మామో ఒక్కసారీ గుర్తు రాలేదు. ఇది మాత్రం రాయకూడదు.

8 జూన్

మృగశిర కార్తె. మురళి మధ్యాహ్నం భోజనానికి ఉన్నాడు. వడ్డిస్తూ విన్నాను.

సన్‌ఫ్లవర్ విత్తనం లోడు దిగింది. రబీలో ఇదే లాట్ సరుకు కడప వైపు పోయిందట. అక్కడక్కడ పువ్వులో గింజ పట్టలేదట. మిగిలిన సరుకు వెనక్కి తెప్పించి కొత్త సంచుల్లో ఇటు పంపారు. మొలక టెస్టు పాసయింది, కడపలో ఎండ ఎక్కువ, అందుకే అలా జరిగింది, భయం లేదు అన్నాడు మురళి. పెరుగు ఇంకొంచెం వేయించుకున్నాడు. మా ఆయన నా వైపు చూడలేదు.

మొలవడం వేరు, గింజ పట్టడం వేరు. ఫస్టియర్ పిల్లలకు కూడా చెప్తాను. మురళితో మాత్రం చెప్పలేదు.

9 జూన్, ఉదయం 8

కర్నూలు వన్‌టౌన్‌లో మా షాపు తెరిచేసరికే రైతులు మెట్ల మీద ఉన్నారు. ఈ పక్క ఊళ్లలో ఒక అలవాటు. సీజన్‌లో మొదటి ప్యాకెట్ షాపు ఇల్లాలి చేత్తో ఇప్పించుకుంటారు. చెయ్యి మంచిదైతే పంట నిండుతుందని నమ్మకం. నా చెయ్యి మంచిదని పేరు. పదకొండేళ్ల క్రితం ఓర్వకల్లు పెద్ద ఈరన్నకు ఇచ్చిన విత్తనం బాగా పండింది. అప్పటి నుంచి మొదటి ప్యాకెట్ అతనిదే. కాలేజీకి వెళ్లేముందు స్నానం చేసి కిందికి దిగి ఇచ్చి వెళ్తాను. ఎమ్మెస్సీ చదివినదాన్ని, నాకు నమ్మకం లేదు. కానీ ఇచ్చేటప్పుడు కుడిచెయ్యే చాస్తాను.

ఈరన్న ఫలానా విత్తనం కావాలని ఎప్పుడూ అడగడు. షాపు ఏదిస్తే అదే. సొంతం మూడెకరాలు, కౌలుకు నాలుగు. ఈసారి మొత్తం సన్‌ఫ్లవరే వేస్తాడట. తువ్వాలు చాపి పట్టుకున్నాడు.

ఇచ్చాను.

10 జూన్

కాలేజీ. మైటోసిస్ చెప్పాను. తలనొప్పి.

16 జులై

టార్గెట్ దాటింది. మూడో ఓడ ఖాయం.

20 ఆగస్టు

ఈరన్న కబురు పెట్టాడు, పూత చూడటానికి రమ్మని. ప్రతి ఏడూ పిలుస్తాడు, ప్రతి ఏడూ వెళ్లను. ఈసారి బస్సెక్కాను.

ఏడెకరాలు నిండు పసుపు. రాళ్ల గుట్టల కింద అంత రంగు ఎప్పుడూ చూడలేదు. ఈరన్న భార్య మజ్జిగ ఇచ్చింది. ఈ పంట గట్టెక్కితే కౌలు భూమి ఇంకో రెండేళ్లు నిలుపుకుంటామని, లేకపోతే ఇల్లు తాళం వేసి గుంటూరు వైపు పత్తి తీయడానికి పోవాల్సిందేనని చెప్పింది. అలా వలస వెళ్లిన తోడికోడలు తిరిగి రాలేదని కూడా చెప్పింది.

నేను ఒక పువ్వు మీద అరచెయ్యి పెట్టి రుద్దాను. ఇంకో పువ్వు. ఇంకో సాలులో ఇంకోటి. చేతికి పసుపు అంటలేదు. తేనెటీగ ఒక్కటీ లేదు.

ఈరన్న పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. "ఎట్లుండాది మా?" అన్నాడు.

బాగుంది అన్నాను. పూత గురించే కదా అడిగాడు. పూత బాగానే ఉంది.

21 ఆగస్టు

లంచ్ అవర్‌లో ల్యాబ్ తలుపు వేసుకున్నాను. నిన్న సంచిలో వేసుకొచ్చిన పువ్వులు. కేసరాలు ఎండి ముడుచుకున్నాయి. స్లయిడ్ మీద పుప్పొడి రేణువు ఒక్కటి లేదు. ఐదు పువ్వులు చూశాను. ఐదూ అంతే. కంపెనీ వాళ్లు హైబ్రిడ్ తయారు చేయడానికి పెంచే ఆడ వరుస విత్తనం ఇది. దానికి పుప్పొడి పుట్టదు. చుట్టూ వేరే పొద్దుతిరుగుడు లేకపోతే గింజ పట్టదు. ఎండకూ వానకూ దీంతో సంబంధం లేదు. సంచులు మారాయో, మార్చారో.

స్లయిడ్లు పెట్టెలో సర్ది తాళం వేశాను.

ఇప్పుడు నాకు తెలిసింది విన్నమాట కాదు.

27 సెప్టెంబరు

తాలు. ఏడెకరాలూ గింజ లేని తాలు. ఇంకో ఆరుగురికి కూడా. ఏడుగురూ వ్యవసాయ శాఖలో ఫిర్యాదు పెట్టారు. విత్తనం లోపమని తేలితే కంపెనీ నష్టపరిహారం ఇవ్వాలి. వాన లేక పోయిందని తేలితే ఏమీ లేదు. ఆగస్టులో మూడు వారాలు చినుకు పడని మాట నిజమే.

ఈరన్న షాపు వైపు కాకుండా వెనక మెట్ల మీదుగా పైకి వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు, గడప దగ్గర కింద కూర్చున్నాడు. గొడవకు రాలేదని ముందే చెప్పాడు. పంట పోవడం తనకు కొత్త కాదట. ప్యాకెట్లు పారేశారు, బిల్లు తీసుకునే అలవాటు ఎవరికీ లేదు. ఆ విత్తనం ఈ షాపుదేనని ఒక్క మాట ఆఫీసులో ఎవరైనా చెప్పాలి.

"సదువుకున్నదానివి, నీ మాట ఇంటారు. ఆడికొచ్చి నిలబడి నేనే ఇచ్చినా అని చెప్పుమా. అంతకంటే ఏం వద్దు" అన్నాడు.

అంతకంటే నా దగ్గర ఎంతుందో అతనికి తెలియదు. వస్తానన్నాను.

5 అక్టోబరు

మా ఆయనకు అంతా చెప్పాను. స్లయిడ్ల సంగతి కూడా. అంతా విని తన వైపు చెప్పారు. లాట్ సంగతి తెలిసి అమ్మిన డీలర్ లైసెన్స్ ఉండదు. కంపెనీ తప్పించుకుంటుంది, షాపు దొరుకుతుంది. ఈరన్నకు వచ్చే ఏడు విత్తనం ఉత్తగా ఇద్దాం, ఎరువు కూడా ఇద్దాం. వచ్చే ఏడు అతనికి భూమి ఉంటుందా అని అడిగాను. లేచి చొక్కా వేసుకున్నారు.

"చెప్పాలనిపిస్తే చెప్పు. నేను అడ్డం రాను. షాపుకు తాళం మాత్రం నువ్వే ఎయ్యాల."

కోపంగా అనలేదు. అదే కష్టంగా ఉంది.

8 అక్టోబరు

చెప్పేస్తాను. కడప సంగతీ, స్లయిడ్లూ, అన్నీ.

9 అక్టోబరు, సాయంత్రం 5

ఎలా జరిగిందో అలాగే రాయాలి.

వ్యవసాయ శాఖ ఆఫీసు హాలు. ఏడుగురు రైతులు గోడ పక్కన బెంచీ మీద. మురళి, కంపెనీ ఆఫీసర్ ఒకాయన కుర్చీల్లో. మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డారు. నా హ్యాండ్‌బ్యాగులో స్లయిడ్ల పెట్టె ఉంది.

విచారణకు వచ్చిన అధికారి కాగితం చూసి, విత్తనం ఎవరిచ్చారని ఈరన్నను అడిగాడు. ఈరన్న నా వైపు చూసి ఆగాడు. నేనే లేచాను. నేనిచ్చాను, నా చేత్తో ఇచ్చాను అన్నాను. ఇంకా చెప్పబోతున్నాను. నిజంగా చెప్పబోతున్నాను. ఈలోపు మురళి నవ్వుతూ అన్నాడు.

"ఏమప్పా ఈరన్నా, ఇప్పుడు మేడమ్ చెయ్యి మంచిది కాదంటావా?"

బెంచీ మీద వాళ్లందరూ తలలు దించుకున్నారు. ఒక ముత్తయిదువ చెయ్యి చెడ్డదని పదిమందిలో అనడం ఎంత అపచారమో అక్కడ నాకు తప్ప అందరికీ ముందే తెలుసు. సాక్ష్యం ఇస్తున్నానని నేను లేచాను. వాళ్లకు నన్ను నిలబెట్టి నిందిస్తున్నట్టు కనిపించింది. ఈరన్న లేచి తలగుడ్డ తీశాడు.

"ల్యా సార్. ఆయమ్మ చెయ్యి శానా మంచిది. పదకొండేండ్లాయ, ఆ చేతి మీదనే ఇత్తనం తీసుకుంటాండా. వాన రాల్యా, అంతే. ఆయమ్మను నిలబెట్టి అడగొద్దండి."

అంతే సార్, వాన లేకనే, అని పక్కవాడు అన్నాడు. తర్వాత ఇంకొకడు. అధికారి రాసుకున్నాడు. రాసి, కళ్లజోడు తీసి, ఇంకేమైనా చెప్పాలా మేడమ్ అని నన్ను అడిగాడు.

ఈసారి అడిగారు. ఇరవై ఏళ్లుగా ఏ మాట చాటున దాక్కున్నానో ఆ మాటకు అక్కడ చోటు లేదు. మర్యాదగా, స్పష్టంగా, పదిమంది ముందు అడిగారు.

లేదండీ అన్నాను.

బయట మెట్ల మీద ఈరన్న నా కోసం ఆగాడు. తన వల్ల నాకు అవమానం జరిగిందని అతని బాధ.

"నువ్వేం మనసులో పెట్టుకోవద్దుమా" అన్నాడు.

10 అక్టోబరు

కాలేజీకి వెళ్లలేదు.

17 అక్టోబరు

రిపోర్టు వచ్చింది. వర్షాభావం.

ఇంకా టైముందని రోజూ అనుకుంటున్నాను. స్లయిడ్లు పాడవవు. ఆ అధికారి ఆఫీసు మా కాలేజీ దారిలోనే. ఇప్పుడు వెళ్లి చెప్తే ఈరన్న పదిమందిలో అన్నమాట అబద్ధమవుతుంది. నా కోసం పొలం వదులుకున్నవాడిని అబద్ధాలకోరును చేయాలా? ఇలా రాసుకుంటే చాలా గొప్పగా ఉంది. చెప్పకపోతే షాపు ఉంటుంది, ఆయన ఉంటారు, ఓడ ఉంటుంది. ఇలా రాసుకుంటే ఇదీ నిజమే.

2 నవంబరు

వ్యాసం అచ్చుకు టైమైపోతోందని మురళి ఫోన్. చూడని గది గురించి బ్రోచర్ చూసి రాశాను. బాల్కనీలోనే వేడినీళ్ల తొట్టి, హాల్లో పియానో, ఇద్దరు బట్లర్లు. మొదటి ఓడ గది ఇరుకు, రెండోది విశాలం, మూడోది అన్నింటికన్నా బాగుంది అని ముగించాను. పంపేశాను.

12 నవంబరు

ఆదివారం సంతకు వెళ్లొచ్చిన మా పనిమనిషి లక్ష్మక్క చెప్పింది. ఈరన్న వాళ్లు గుంటూరు వైపు పోయి వారమైందట. కౌలు భూమి యజమాని వేరేవాళ్లకిచ్చాడు. పోయేముందు ఈరన్న షాపుకొచ్చాడట, నేను కాలేజీలో ఉన్నాను. వచ్చే ఏడు మొదటి ప్యాకెట్ ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పి పోయాడట. మా ఆయన నాకు ఆ మాట చెప్పలేదు. నేను అడగలేదు.

19 నవంబరు, ఉదయం 6

ఓడ కదులుతోంది. పియానో ఉంది. మాకెవరికీ రాదు.

దిండు మీద ఒక కార్డు. గదిలో లోపం ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయండి అని. ఏమీ లేదు అనే గడిలో టిక్ పెట్టాను.

ఆ రోజు నోరు విప్పనిది ఈరన్న మాట పోకూడదనా, ఈ గది పోకూడదనా? తేల్చుకోలేకపోతున్నాను.