కూలి ఆపి తగ్గించిన లోటు

బుధవారం, జైనూర్.

అన్నం సగంలో వదిలేశాను. ఇది కోపం కూడా కాదు, రోత.

పొద్దున ఉపాధి హామీ పనిలో కుంట తవ్వుతున్న కూలీలకు హాజరు వేస్తుంటే మా పైఅధికారి వచ్చాడు. ఫోన్‌లో వార్త చూసి, "ఈసారి కేంద్రం లోటు తగ్గిందట!" అని మురిసిపోయాడు.

మార్తమ్మ మట్టి తట్ట దించి నన్నడిగింది. "లోటంటే ఏంది బిడ్డా?"

"వచ్చే పైసల కన్నా ఖర్చు ఎక్కువైతే సర్కారు అప్పు తెస్తది పెద్దమ్మా. గా తక్కువ పడ్డదే లోటు."

"మరెట్ల తగ్గింది?"

చెప్పకుండా ఉండలేకపోయాను. "మీ మూడు నెలల కూలి కేంద్రం ఇంక ఇయ్యలే. ఇయ్యని పైసలు గీ ఏడాది ఖర్చుల లెక్కల రావు."

"గవన్నీ ఆమెకెందుకమ్మా?" అని అధికారి నన్ను కసిరాడు.

మార్తమ్మ ఆయన వైపు తిరిగింది. "గట్లయితే నేను గూడ దుకాణపాయనకు పైసలియ్యకుంట, నాకు బాకీ లేదని చెప్పుకుంట తిరగొచ్చా సారు?"

ఆయన బండెక్కి వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ తట్ట ఎత్తుకుంది. ఆమె పేరు ఎదుట నేను ఇంకో రోజు హాజరు వేశాను. ఆ కూలి ఎప్పుడొస్తుందని ఆమె అడగలేదు. అడిగి, నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.